పూజలో అరటికాయ

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధ పూజ బాగా జరిగింది. కుట్టుమిషన్లు రెండింటికీ పసుపు రాసి బంతిపూల దండలు వేశాను. కత్తెరలు, ఇస్త్రీపెట్టె, ఆయన పానాలు, జాకీ, స్క్రూడ్రైవర్లు, చివర అరటికాయ. వరసగా అన్నిటికీ కుంకుమబొట్లు. ఆయన పోయాక ఇది మూడో దసరా. డ్రైవరు సామాను ఇంకా ఎందుకు పెడతావు అని పోయినేడు పక్కింటి హంపమ్మ అంది. నా ఇల్లు, నా పూజ. ఒకరు చెబితే తగ్గించేదేమీ లేదు.

అరటికాయ అనేది మధులత పెట్టిన పేరు. ఐదేళ్లప్పుడు ఆ ఇనుప వంకర చూసి అంది. ఇప్పుడు దానికి ఇరవై రెండు, ఇంకా అదే పేరు.

మధులతే ఈ రోజు పూజ ఫొటో తీసి ఫోన్‌లో స్టేటస్ పెట్టింది. కింద "మా నాయన ఆయుధాలు" అని రాసిందట. మధ్యాహ్నానికే నూటముప్పై మంది చూశారని మురిసిపోయింది. చూడనీ. కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయిన పిల్ల. పత్తికొండలో సగం మంది దగ్గర దాని నంబరుంది. ఇంక వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. ఇంటి మీద, మనిషి మీద ఏ కేసూ లేదని రాసుకుపోతే ట్రైనింగ్‌కి పిలుస్తారు. మూడేళ్లు టమోటా లారీల పక్కన తెల్లారకముందే పరిగెత్తింది. ఆ ఉద్యోగం దానికి ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

పోలీసులు వచ్చారు. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, వెంట వీఆర్వో. నేను పెళ్లివాళ్ల రవికకు చేతులు కుడుతున్నాను. ఎస్సై తన ఫోన్‌లో మా పూజ ఫొటో పెద్దది చేసి చూపించాడు.

"ఇదేందమ్మా?"

"అరటికాయ సార్."

"ఏందీ?"

"మేమట్ల అంటాం. జీపు సామాను. మా ఇంటాయన వీరభద్ర జీపు డ్రైవరు సార్. పోయి మూడేండ్లాయ."

"జీపు సామాను కాదు తల్లీ. మ్యాగజైన్."

"మా ఇంట్లో మ్యాగజైన్లు చదివేటోళ్లు ఎవరూ లేరు సార్."

కానిస్టేబుల్ ఒకడు నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. "తుపాకీ మ్యాగజైన్. గుండ్లు పెట్టే పెట్టె. తుపాకీ యాడుండాది?" అన్నాడు.

తుపాకీ ఉంటే కదా. బియ్యం డబ్బా, బీరువా, గిరాకీల బట్టల మూటలు అన్నీ వెతికారు. పెళ్లివాళ్ల పట్టు రవిక మీద బూటు పడింది. "ఆ రవిక నీ పెండ్లాంది అయింటే తొక్కుతుంటివా?" అని అడిగాను. తీసి పక్కన పెట్టాడు. అరటికాయను గుడ్డ సంచిలో వేసి, లక్కతో సీలు వేసి, పంచనామా రాసి, వీఆర్వో చేత, హంపమ్మ చేత సంతకాలు పెట్టించారు. కుంకుమ తుడవొద్దని చెప్పాను. తుడవలేదు.

కేసు రాశారు. మొదటి ముద్దాయి నేను. రెండో ముద్దాయి మధులత. ఫొటో దాని ఫోన్‌లోది, "ఆయుధాలు" అన్న రాత దానిది. పిలిచినప్పుడల్లా రావాలని ఇద్దరికీ నోటీసులిచ్చి పోయారు.

అక్టోబర్ 4

జీపు సామాను. అంతే.

అక్టోబర్ 6, సోమవారం

కోర్టు ఎదురుగా ఉండే లాయరు వసంతకుమార్ దగ్గరికి పోయాం. చర్చి పెద్దగారి కొడుకు, నెమ్మదిగా మాట్లాడతాడు. నేనే గట్టిగా మాట్లాడాను. తుపాకీ లేదు, తూటా లేదు, ఖాళీ ఇనుప డబ్బాకు కేసేంటి? రేపు మా ఇంటి కొడవలికీ కేసు పెడతారా?

"తుపాకీ భాగం కూడా చట్టం లెక్కలో ఆయుధమేనమ్మా" అన్నాడు. "ఇప్పుడు పెట్టిన సెక్షన్ అయిదేండ్ల లోపలిది. దాన్నుంచే నోటీసుతో వదిలినారు. అది ఆటోమేటిక్ తుపాకీదని నిపుణుల రిపోర్టు వస్తే నిషేధిత ఆయుధం కిందికి పోతాది. సెక్షన్ మారుతుంది. ఏడేండ్లకు తక్కువ ఉండదు, పధ్నాలుగు దాకా వేయచ్చు."

మధులత గోడకు ఆనుకుంది. నేను ఆనుకోలేదు.

తర్వాత ఒక మంచి మాట చెప్పాడు. వస్తువు ఇంట్లో ఉండడం ఒక్కటే నేరం కాదట. అది ఏమిటో తెలిసి ఉంచుకున్నారని వాళ్లు రుజువు చేయాలట. "మీ ఇద్దరికీ తెలీదు. పోయినాయన పెట్టినాడు, పూజ చేసినారు. జతకు తుపాకీ లేని విడి భాగమని కూడా వాదిస్తా. అంతే."

"ఎన్ని రోజులు పడుతుంది సార్?"

"నాల్గేండ్లో, అయిదేండ్లో."

"పాప ఉద్యోగం?"

కాగితాలు సర్దుకుంటూ చెప్పాడు. "పేరు కేసులో ఉన్నంత కాలం వెరిఫికేషన్ కాదమ్మా. చార్జిషీటు వేసేలోపల పేరు తీసేస్తే తప్ప."



అక్టోబర్ 7

పొద్దున అన్నం దగ్గర మధులత అడిగింది.

"మా, నీకు తెలుసునా, తెల్దా?"

తెలియదన్నాను. దాని కళ్లలోకి చూసే అన్నాను. మనసు గట్టిగా ఉంటే చూడొచ్చు.

అక్టోబర్ 9

ఈ రోజు ఎవరూ బట్టలు తేలేదు. మంచిదే, కళ్లకు విశ్రాంతి.

అక్టోబర్ 11, శనివారం

నాకు తిక్క రేగింది. తిన్నగా స్టేషన్‌కు పోయి ఎస్సై ముందు నిలబడ్డాను.

"సార్, నాకొక్కదానికే తెలుసు. పాపకు తెల్దు. దాని పేరు కొట్టేయండి."

"పదైదు మంది తల్లులు వచ్చి ఇట్లనే చెప్పినారు నా సర్వీసులో. నిన్న దాకా జీపు సామాను అంటివి గదమ్మా" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. దాంతో నాకు ఇంకా మండింది.

లాయరుకు ఫోన్ చేస్తే ఎందుకు పోయినారమ్మా అని మొత్తుకున్నాడు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదట. "చెల్లదు కాబట్టి మీకు నష్టం లేదు, పాపకు లాభమూ లేదు. కేసు పెట్టకముందు మీ చేత్తో రాసినది ఏదన్నా ఉంటే అది వేరే సంగతి. ఎట్లాగూ ఉండదు కదా" అన్నాడు.

ఉండదు అన్నాను.

నేను రాసుకునేది ఈ కొలతల పుస్తకం వెనక పేజీల్లో. ముందునుంచి ఊరి ఆడవాళ్ల రవికల కొలతలు, వెనకనుంచి నా ఏడుపు. పెళ్లయినప్పటినుంచీ అంతే. పుస్తకం నిండితే ట్రంకుపెట్టెలో వేస్తాను. పాత కొలతలు పారేయకూడదు, ఏ పెళ్లికో ఎవరో వచ్చి అడుగుతారు. ట్రంకు జోలికి నేను పోను.

అక్టోబర్ 13, సోమవారం

స్టేషన్‌కు పిలిచారు. అరటికాయ మీద ఏళ్లుగా పేరుకున్న పసుపూ కుంకుమా కడిగేశారట. అడుగున తెల్ల పెయింటుతో నంబరు బయటపడిందట. ఎప్పుడో 2008లో ఒక నాయకుడి వెంట ఉన్న గన్‌మన్ దగ్గర పోయిన మ్యాగజైన్ అదేనట. ఆ నాయకుడి వెనక జీపు నడిపింది మా ఆయన. నిండుగా తూటాలతో పోయిందని రికార్డు. ఆ గన్‌మన్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు.

"తూటాలేమయినాయమ్మా?"

"తెల్దు సార్."

ఎస్సై ఆ గన్‌మన్ పేరు చెప్పాడు. ఎవరో తెలియదన్నాను.

అక్టోబర్ 14

మహానంది.

రాశాను. ఏమైంది? ఏమీ కాలేదు. ఇంటి పైకప్పు కూలిందా? మహానంది, మహానంది. ఆ కాలంలో ఎవరు ఎవరిని చూసుకున్నారు? నాకు ఐదేళ్ల కూతురు. ఆయన కాన్వాయ్‌లో ఇంకో డ్రైవరును ఏదో అనుమానం మీద పది రోజులు లోపల పెట్టి, నడవలేని మనిషిని చేసి పంపారు. అప్పుడు ఏ ఆడది అయినా నేను చేసిందే చేస్తుంది. ఏ ఆడది అయినా.

అక్టోబర్ 15

మధులత మళ్లీ పరిగెత్తడానికి పోయింది. "ఉద్యోగమే ల్యాకపాయె, ఎందుకే?" అని అన్నాను నోరు జారి. "కాళ్లు మర్చిపోకుండా" అంది.

అక్టోబర్ 17, శుక్రవారం

ఆత్మకూరు పోయి వచ్చాను. మధులతకు డోన్‌లో బట్టల కొట్టుకు పోతున్నానని చెప్పాను. అబద్ధాలు నాకు బాగా అలవాటైపోయాయి.

మహానంది అక్కడ విత్తనాల గోదాము దగ్గర వాచ్‌మన్ అని ఆయనతో పనిచేసిన డ్రైవర్లు చెప్పారు. జుట్టు అంతా నెరిసిపోయింది కానీ నిలబడడం మాత్రం ఇంకా పోలీసువాడిలాగానే. నన్ను చూసి కుర్చీ నాకు వేసి తను సిమెంటు మెట్టు మీద కూర్చున్నాడు.

"గుర్తు పట్టినావా మహానందీ?"

"పట్టకేమక్కా. వీరభద్రన్న ఇంటామెవు. అన్న పోయినాడని విన్యా."

"అది మా ఇంట్లోనే ఉండె."

"తెలుసు. ఎస్సై సారు ఫోన్ చేసినాడు. నువ్వొస్తావని మాత్రం అనుకోల్యా."

ఒక లారీ వస్తే లేచి, నంబరు రాసుకుని, లోపలికి పంపి మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"ఒగ గుండు పోతే సంజాయిషీ రాయించుకుంటారక్కా. నిండు మ్యాగజైన్ పోతే యాడ అమ్మినావని అడుగుతారు. ఉద్యోగం పాయె, పోనీ. మా నాయన సచ్చిపోయేదాకా అదే అడిగినాడు నన్ను. ఎవురికి అమ్మినావురా, ఎంతకు అమ్మినావురా అని. మంచంలో పడి నోరు రాకున్యా చెయ్యి ఊపి అడుగుతుండె."

క్షమించు అందామనుకున్నాను. అనలేదు. ఏడవనూ లేదు. నేను ఏడిస్తే అతనే నన్ను ఓదార్చాల్సి వచ్చేది, అంత మంచివాడు.

"నేను మీ ఇంటికొచ్చి నిన్నడిగినా కదక్కా?"

"అడిగినావు."

"ఆ మాట రాసియ్యి. నేను అమ్మలేదని రాయొద్దు, అది నీకెట్ల తెలుస్తాది. వెతికినా అని, ఇంటింటికీ పోయి అడిగినా అని రాయి. నేను అడిగింది గూడా ఎవురూ నమ్మల్యా."

బస్సులో నంద్యాల దాకా కిటికీ పక్కనే కూర్చున్నా బయట ఏముందో చూడలేదు. నా కూతురి ఉద్యోగం పోతుందని పదిహేను రోజులుగా ఊరందరి మీదా విరుచుకుపడుతున్నాను. అతని ఉద్యోగం నేను పోగొట్టాను. రెండూ ఒకటే ఉద్యోగం.

అక్టోబర్ 18, శనివారం

రాసేస్తాను.

ఆయన దాన్ని జీపు సామాను అని ఏ రోజూ అనలేదు. ఆ మాట నాది. మధులత చేతిలో పట్టుకుని ఇదేందని అడిగితే నేనే చెప్పాను. చెప్పీ చెప్పీ నాకే నిజమనిపించింది. ఇచ్చేద్దాం అన్నది ఆయన. వద్దన్నది నేను. జీపు కడుగుతుంటే వెనక సీటు కింద దొరికిందని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. స్టేషన్‌లో ఇస్తే మిగతాది ఎక్కడ అని నిన్నే కుళ్లబొడుస్తారు, నా పిల్ల గతేమిటి అని అడ్డం నిలబడ్డాను. తూటాలు ఒక్కొక్కటే ఊడదీసి ఆయన ఊరవతల పాడుబావిలో వేశాడు. డబ్బాను కూడా వేసి రమ్మన్నాను. మంచి ఇనుము పారేయడం పానా పట్టిన చేతికి రాదు. తెచ్చి పానాల పెట్టెలో పెట్టాడు. ఆ దసరాకు పూజలో పెట్టాడు. పూజలో పెడితే తప్పు పోతుందనుకున్నాడేమో, నేను అడగలేదు.

ఆయన చనిపోయిన తర్వాత మూడేళ్లలో ఎప్పుడైనా తీసుకుపోయి ఇవ్వొచ్చు. నేను బొట్టు పెట్టాను.

అక్టోబర్ 19, ఆదివారం

ట్రంకు తీశాను. 2008 పుస్తకం అడుగున ఉంది. వెనకనుంచి మూడో పేజీ. అప్పటి నా రాత ఇంకా గుండ్రంగా ఉంది.

"మహానంది వచ్చి అడిగాడు. లేదన్నాను. ఈయన రెండు రోజులుగా అన్నం తినడం లేదు. నిండుగా ఉంది అది. భయంగా ఉంది."

అంతే రాశాను అప్పుడు. చాలు.

అక్టోబర్ 21, మంగళవారం

నిన్న పండగ వల్ల లాయరు దొరకలేదు. ఈ రోజు పాత పుస్తకం, ఈ పుస్తకం రెండూ ఆయన బల్ల మీద పెట్టాను. ఓపికగా చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఇస్తే మిమ్మల్ని కాపాడేదానికి నా చేతిలో ఏమీ ఉండదు శివకుమారమ్మా. తెలిసి పెట్టుకున్నారనేదానికి ఇంతకంటే సాక్ష్యం వాళ్లకు దొరకదు."

"పాప పేరు పోతుందా?"

"పోవచ్చు. అయిదేండ్ల పిల్లకు అబద్ధం చెప్పి పెంచినారని ఇందులోనే ఉండాది. ఎస్సై మంచోడు, పేరు తీసేస్తాడనే అనుకుంటా. రాసిమ్మంటే మాత్రం నేను రాసియ్యలేను."

అంతకంటే ఎక్కువ చెప్పే లాయరును నేను నమ్మను కూడా.

"ఇంకోటి. ఇది నిజంగా 2008లో రాసిందేనని ఎట్ల నమ్ముతారు? నిన్న కూర్చుని రాసినారంటారు."

దానికి నేను నవ్వాను, ఇన్ని రోజుల్లో మొదటిసారి. ముందు పేజీలు తిప్పి చూపించాను. తేదీలతో సహా నూటపన్నెండు మంది కొలతలు. ఎవరి పెళ్లికి ఏ రవికో, బట్ట రంగేదో. ఆ పెళ్లి ఫొటోల్లో ఆ రవికలు ఇప్పటికీ కనిపిస్తాయి. హంపమ్మ ఛాతీ అప్పుడు ముప్పైరెండు. ఆమే సాక్ష్యం చెబుతుంది.

లాయరు సిగ్గుపడి పుస్తకం మూసేశాడు. తర్వాత బతిమాలాడు. పాత పుస్తకంతో పాటు తెలుసు అని ఒక్క ముక్క రాసిస్తే చాలట. తూటాల సంగతి, మహానందికి అబద్ధం చెప్పిన సంగతి వివరంగా రాయొద్దట. జడ్జికి నా మీద ఉండే కాస్త జాలీ పోతుందట.

జాలి ఎవరు అడిగారు?

అక్టోబర్ 22, బుధవారం

హంపమ్మను అడిగాను.

"కోర్టులో అందరి ముందర నా కొలత చదువుతారా!" అని చెంపలు వాయించుకుంది.

"అప్పటిదే గదా. ముప్పైరెండు."

చెంపల మీంచి చేతులు తీసింది. "ఇప్పటిది అడగరు కదా? అయితే వస్తా పో" అంది.

మధ్యాహ్నం మధులతకు రెండు పుస్తకాలూ ఇచ్చి చదవమన్నాను. మిషన్ మీద కూర్చుని ఉత్తినే కుట్టుకుంటూ ఉన్నాను. దారం లేదని తర్వాత చూసుకున్నాను. చదివి వచ్చి నా ముందు నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు గట్టిగా ఉంది.

"ఏడో తేదీ నా మొగం చూసి తెల్దంటివి."

"అంటి."

"నేను పోలీసయితే నిన్నే ఫస్టు పట్టుకుంటా."

"పట్టుకో. ముందు పోలీసువి కా."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా ఒళ్లో తల పెట్టి, "నాకీ ఉద్యోగం వద్దు మా, ఆ పుస్తకం పొయ్యిలో పెట్టు" అని ఏడ్చింది. నాకు దాని మీద ఎంత ప్రేమ పొంగిందో రాయలేను. అయినా దాని జుట్టు పట్టి తల పైకి లేపాను. మహానంది నాన్న చెయ్యి ఊపుతూ అడిగిన సంగతి చెప్పాను. అది విన్న తర్వాత పొయ్యి మాట ఎత్తలేదు. మెల్లగా అడిగింది, "ఆయప్పకు పిల్లలుండారా?"

అడగలేదు నేను. ఆ మాట అడగాలని నాకు తోచనే లేదు.

అక్టోబర్ 24, శుక్రవారం

పదిన్నరకు స్టేషన్‌కు పోవాలి. లాయరు వస్తానన్నాడు. పెళ్లివాళ్ల రవికలు ఇచ్చేశాను. బయట ఉన్న గిరాకీల కొలతలన్నీ వేరే పుస్తకంలోకి ఎక్కించి మధులతకు ఇచ్చాను. వేలిముద్ర పుచ్చుకుని ఈ రోజే లోపల పెడతారో, సెక్షన్ మారేదాకా ఆగుతారో తెలియదు. ఏడేళ్లయితే ఏడేళ్లు. ఎవరి ముందూ వంగి నిలబడను.

ఇన్నేళ్లూ నా కోసం రాసుకున్నాను. ఈ పేజీ చదివేవాళ్ల కోసం.

నా పేరు శివకుమారి. 2008లో ఎండాకాలం, ఒక మంగళవారం మధ్యాహ్నం, మహానంది అనే కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చాడు. యూనిఫాం చెమటకు తడిసి ఉంది. అంతకుముందే నలుగురు డ్రైవర్ల ఇళ్లకు పోయి వచ్చానని చెప్పాడు. "అక్కా, జీపు కడిగినప్పుడు అన్నకు ఏమన్నా దొరికిందా? దొరికింటే ఇయ్యక్కా, ఎవురికీ చెప్పను, నా ఉద్యోగం పోతాది" అన్నాడు. రెండు చేతులూ జోడించి అడిగాడు. ఆయన ఇంట్లో లేడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. లేదన్నాను. ఒట్టు పెట్టమంటే నా కూతురి మీద ఒట్టు పెట్టాను. అప్పుడది నా వెనక పొయ్యి పక్కన, తిరగేసిన చాట కింద ఉంది. తుపాకీదని నాకు తెలుసు. నిండుగా ఉందని తెలుసు. అతను నీళ్లు అడిగాడు. ఇచ్చాను. రెండు చెంబులు తాగి, చెంబు నా చేతికిచ్చి, "చల్లగా ఉండు అక్కా" అని పోయాడు.

ఇది నేను తెలిసి చేశాను. నా కూతురు మధులత అప్పుడు లోపల నిద్రపోతూ ఉంది.